ఏడో తరగతి పిల్లల సర్వీస్ లెర్నింగ్ గురించి సలహా కావాలి

నమస్కారమండీ. నేను అమెరికాలో, బాల్టిమోర్ నగరంలో ఏడో తరగతికి సైన్స్ చెప్తాను. ఇక్కడ హైస్కూల్ పూర్తి చెయ్యాలంటే 75 గంటల సర్వీస్ లెర్నింగ్ (చదువులో భాగంగా చేసే సమాజ సేవ) ఉండాలి, ఆ గంటలు మిడిల్ స్కూల్ నుంచే లెక్కకొస్తాయి. సిద్ధపడటం, పని చెయ్యటం, చేసినదాని గురించి ఆలోచించటం: ఈ మూడూ ఉంటేనే అది సర్వీస్ లెర్నింగ్.

మా పిల్లలు వీధుల్లో వాననీటి కాలువల దగ్గర పేరుకునే చెత్తను ఊడ్చి, రకాలవారీగా లెక్కపెడుతున్నారు. ఆ నీరు శుద్ధి కాకుండానే హార్బర్‌లోకి, అక్కణ్ణుంచి చెసపీక్ బే అనే అఖాతంలోకి పోతుంది. జోన్స్ ఫాల్స్ అనే ఏరు హార్బర్‌లో కలిసేచోట 2014 నుంచి చెత్తను పట్టే పెద్ద చక్రం తిరుగుతోంది. అది చూసొచ్చాక పిల్లల హుషారు చూడాలి!

చిక్కల్లా మూడో మెట్టు, అంటే చేసినదాని గురించి ఆలోచించటం దగ్గరే. "మా వీధి మేం ఊడ్చుకుంటే సేవ ఎలా అవుతుంది టీచర్? ఊడ్చేవాళ్లు మా వైపు ఎందుకు రారు?" అని ఒక అమ్మాయి అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపుకి వేరే ఊరెళ్లి పనిచేసి వచ్చాం కాబట్టి ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు.

విద్యారంగంలో పరిశోధన చేసేవాళ్లు, పెద్ద నగరాల బడుల్లో పనిచేసినవాళ్లు చెప్పండి: పన్నెండేళ్ల పిల్లలతో ఈ చర్చ ఎలా మొదలుపెట్టాలి? వాళ్ల లెక్కలతో సిటీ కౌన్సిల్‌కి ఉత్తరం రాయిస్తే బాగుంటుందా? జవాబు రాకపోతే పిల్లలు డీలా పడతారేమోనని నా భయం. మీరు అలా రాయించి ఉంటే, ఆ తర్వాత క్లాసులో ఏం చేశారు?