ఒకే స్లాట్‌లో ఫీడ్‌బ్యాక్ పంపాలా, వినాలా? ప్రయారిటీ నంబర్ ఒక్కటే చూస్తే చాలా?

టెస్ట్‌బెంచ్:
5జీ సైడ్‌లింక్‌లో, అంటే బేస్ స్టేషన్ మధ్యలో లేకుండా పరికరాలు నేరుగా మాట్లాడుకునే చోట, ప్యాకెట్ అందిందా లేదా అన్న జవాబు (అందితే యాక్, అందకపోతే నాక్) పీఎస్‌ఎఫ్‌సీహెచ్ అనే ఛానల్ మీద పోతుంది. నేను నాక్ పంపాల్సిన స్లాట్‌లోనే (స్లాట్ అంటే రేడియో సమయంలో ఒక చిన్న ముక్క) నా ప్యాకెట్‌కు రావాల్సిన జవాబు కూడా వచ్చిందనుకోండి. పంపుతూనే వినడం రేడియోకు సాధ్యం కాదు. 3జీపీపీ (మొబైల్ నెట్‌వర్క్ ప్రమాణాలు రాసే సంస్థ) రిలీజ్ 16 రూల్ ప్రకారం ఆ జవాబులు ఏ ప్యాకెట్లవో వాటి ప్రయారిటీ చూడాలి. 1 నుంచి 8 వరకు నంబర్లు, ఎంత చిన్నదైతే అంత ముఖ్యం. చిన్న నంబర్ ఉన్న పని చేసి రెండోది వదిలేయాలి.

నా అభ్యంతరం ఒక్కటే. వినడం మానేస్తే ఆ సంగతి నాకు తెలుసు, మళ్లీ పంపుకుంటాను. పంపడం మానేస్తే అవతలివాళ్లకు తెలిసే దారే లేదు. గ్రూప్‌కాస్ట్‌లో, అంటే ఒకేసారి గుంపుకంతా పంపేటప్పుడు, నాక్ మాత్రమే పంపే పద్ధతైతే ఇంకా అన్యాయం. అక్కడ ఏమీ వినపడకపోతే "అందరికీ అందింది" అని లెక్క. ఈ రెండు నష్టాలనూ ఒకే నంబర్‌తో ఎలా తూకం వేస్తాం?

ఫిజికల్‌లేయర్:
ఆ నంబర్ ఊరికే పెట్టింది కాదండీ. ఆ డేటా ఎంత ఆలస్యాన్ని, ఎంత నష్టాన్ని తట్టుకోగలదో పైలేయర్లు (రేడియో పైన నడిచే సాఫ్ట్‌వేర్ పొరలు) చూసే ఇచ్చాయి. కంట్రోల్ సమాచారంలో 3 బిట్లుగా ప్యాకెట్‌తో పాటే వస్తుంది, రెండు వైపులా తెలుసు. మీరు చెప్పినట్టు యాక్, నాక్, గ్రూప్ రకం అన్నీ లెక్కలోకి తెస్తే డీకోడ్ అయ్యేదాకా ఏ పని చేయాలో తేలదు. ప్యాకెట్‌కూ జవాబుకూ మధ్య కనీస గ్యాప్ 2 లేదా 3 స్లాట్లే.

స్లాట్_లెక్క:
అసలు ఈ గొడవ పీఎస్‌ఎఫ్‌సీహెచ్ పీరియడ్‌ది, అంటే ఎన్ని స్లాట్లకోసారి జవాబుల స్లాట్ వస్తుందన్నది. పీరియడ్ 4 పెడితే నాలుగు స్లాట్ల జవాబులూ ఒకే స్లాట్‌లో పడతాయి. వాటిలో ఒక స్లాట్‌లో నేను పంపి, ఇంకోదాంట్లో విని ఉంటే ఢీ తప్పదు. పీరియడ్ 1 పెట్టండి. ఒక స్లాట్‌లో నేను పంపానో విన్నానో ఏదో ఒకటే కాబట్టి, ఒకే పూల్‌లో (పరికరాలు పంచుకునే స్లాట్లు, ఫ్రీక్వెన్సీల గుంపు) ఈ ఢీ పుట్టనే పుట్టదు.

పాత_రేడియో:
రిలీజ్ 14 ఎల్‌టీఈ వీ2ఎక్స్‌లో (4జీ కాలంలో బండ్లు మాట్లాడుకునే పద్ధతి) అసలు ఫీడ్‌బ్యాకే లేదు. అడగకుండానే ఇంకోసారి పంపేవాళ్లం. పని నడిచింది.

ఫిజికల్‌లేయర్:
@స్లాట్_లెక్క పీరియడ్ 1 అంటే ప్రతి స్లాట్‌లో ఉండే 14 సింబల్స్‌లో (స్లాట్‌లోని ఇంకా చిన్న ముక్కలు) 3 పోతాయి. రెండు పీఎస్‌ఎఫ్‌సీహెచ్‌వి, ఒకటి గ్యాప్. రద్దీ ఛానల్‌లో అది భరించలేం.

స్లాట్_లెక్క:
3 సింబల్స్ ఖర్చు కనిపిస్తుంది కాబట్టి లెక్కేస్తున్నారు. పోయిన నాక్‌ల ఖర్చు ఎవరైనా లెక్కేశారా? పీరియడ్ 1 పెట్టి చూడండి, మిగతా చర్చ అక్కర్లేదు.

కొత్త_మెంబర్:
నాలుగు జవాబులు పంపాల్సి ఉండి, పవర్ రెండింటికే సరిపోతే?

ఫిజికల్‌లేయర్:
అక్కడా అదే వరుస. చిన్న నంబర్ ముందు.

టెస్ట్‌బెంచ్:
పీరియడ్ మా చేతిలో లేదు సార్, పూల్ కాన్ఫిగరేషన్‌లో ఏది వస్తే అదే. వరుసగా వెళ్లే బండ్ల టెస్ట్‌లో మధ్య బండి మాది. ముందు బండి నుంచి బ్రేక్ సమాచారం, ప్రయారిటీ 4, నాక్ మాత్రమే పద్ధతి. మాకు డీకోడ్ కాలేదు. అదే స్లాట్‌లో మేము వెనక్కి పంపిన ప్రయారిటీ 3 ప్యాకెట్‌కు జవాబు రావాలి. రూల్ ప్రకారం విన్నాం, నాక్ పోలేదు. ముందు బండి అందిందనుకుని తర్వాతి ప్యాకెట్‌కు వెళ్లిపోయింది. లాగ్స్ అన్నీ పెట్టి బగ్ రాస్తే, అప్పట్లో నేను పనిచేసిన చోట "స్పెక్ ప్రకారమే ఉంది" అని ఒక్క ముక్కలో మూసేశారు. మనిషితో మాట్లాడినట్టు కూడా లేదు.

ఫిజికల్‌లేయర్:
మీ కోపం మీ ఆఫీసు మీద. రూల్ మీద ఎందుకు చూపిస్తున్నారు? నాక్ మాత్రమే పద్ధతిలో అందరి నాక్‌లూ ఒకే రిసోర్స్ మీద పడతాయి. ఇంకెవరికైనా అందకపోయినా మళ్లీ వచ్చేదే.

టెస్ట్‌బెంచ్:
మిగతా అందరికీ అందింది! మాకే అందలేదు! మీరు సిమ్యులేషన్ సగటులు చూస్తారు, మేము ఆ ఒక్క బండిలో కూర్చుంటాం.

ఇంకోటి. మోడ్ 1లో, అంటే ఎవరు ఎప్పుడు పంపాలో బేస్ స్టేషన్ చెప్పే పద్ధతిలో, ప్రయారిటీ వల్ల జవాబు వినలేకపోతే బేస్ స్టేషన్‌కు నాక్ అనే చెప్పాలని స్పెక్‌లోనే ఉంది. అంటే వినకపోతే ఏం జరుగుతుందో ఆలోచించి, నష్టం లేని వైపు రాశారు. నాక్‌నే పంపకపోతే దాని కోసం ఎదురుచూస్తున్నవాడి గతి ఏంటో ఎవరూ రాయలేదు.

పాత_రేడియో:
ఇద్దరూ కాస్త మెల్లగా.

ఫిజికల్‌లేయర్:
సరే, సూటిగా అడుగుతాను. బ్రేక్ సమాచారం అంత ముఖ్యమైతే ముందు బండి దానికి 4 ఎందుకు ఇచ్చింది? యాక్, నాక్ రెండూ వచ్చే పద్ధతి ఎందుకు తీసుకోలేదు? అందులో ఏమీ రాకపోతే అందలేదనే అనుకుని మళ్లీ పంపేది. పంపేవాడు తీసుకున్న నిర్ణయం అది. దాన్ని వినేవాడి రేడియో తిరగరాయకూడదు. ప్రతి కంపెనీ "నా నాక్ ముఖ్యం" అని సొంత తూకం పెట్టుకుంటే, ఏ పరికరం ఎప్పుడు మౌనంగా ఉంటుందో ఎవరూ ఊహించలేరు.

టెస్ట్‌బెంచ్:
ఇదీ అసలు సంగతి. పంపేవాడు ఎలా పెడితే అలాగే, నష్టం వినేవాడే భరించాలి అంటున్నారు. ప్యాకెట్ పోయిన సంగతి ఆ క్షణంలో వినేవాడికి ఒక్కడికే తెలుసు. తెలిసినవాడి నోరే ముందు మూయించే రూల్ ఇది. సొంత తూకాలు నేనూ అడగడం లేదు. నాక్ మాత్రమే పద్ధతి అని కంట్రోల్ సమాచారంలోనే తెలుస్తుంది. ఆ ఒక్క కేసుకు అందరికీ ఒకే రూల్ రాయమంటున్నాను.

ఫిజికల్‌లేయర్:
రెండు వైపులా నంబర్ సమానమైతే పంపడమే ముందు అని రాయండి, ఒప్పుకుంటాను. అంతకు మించి ఒప్పుకోను.

టెస్ట్‌బెంచ్:
సమానమైతే చాలదు. మాది 4, అటు 3. ఒక్క అంకె తేడా.

స్లాట్_లెక్క:
పీరియడ్ 1 అయితే ఈ 3, 4 ఎదురుపడేవే కాదు.