కల్నల్ శాండర్స్ కథలో ఈ 1009 ఎక్కడిది?

శనివారం బడిలో మా అమ్మాయి కేఎఫ్‌సీ కల్నల్ హార్లాండ్ శాండర్స్ గురించి మాట్లాడాలి. తెలుగు వీడియోలన్నీ ఒకటే పాట: 65 ఏళ్లకు చేతిలో చిల్లిగవ్వ లేకుండా తన చికెన్ రెసిపీ హోటళ్లకు అమ్మడానికి బయల్దేరితే, 1009 మంది కాదన్నాక మొదటి 'సరే' విన్నాడట. లెక్క కుదరట్లేదు. ఆయన పుట్టింది 1890లో. సాల్ట్ లేక్ సిటీలో హోటల్ నడిపే పీట్ హార్మన్ మొదటి ఫ్రాంచైజీ తీసుకున్నది 1952లో, అప్పటికి ఈయనకు 65 నిండనే లేదు! కెంటకీ రాష్ట్రం కార్బిన్‌లో ఉన్న తన హోటల్ అమ్ముకున్నది ఆ తర్వాత, 1956లో.

రెండు రాత్రులు వెతికాను. ఐదు వీడియోలు, మూడు వ్యాసాలు చూశా. ఒక్కదాంట్లోనూ ఆధారం లేదు, ఒకదాన్ని చూసి ఇంకొకటి కాపీ కొట్టినట్టున్నాయి. ఊరూరా తిరిగి వండి చూపించాడన్నది నిజమే, నా అనుమానం అంకె మీదే.

ఆ 1009 అన్న లెక్క శాండర్స్ స్వయంగా ఏ ఇంటర్వ్యూలోనైనా, ఆత్మకథలోనైనా చెప్పాడా?