విసిరాడా, దించాడా? లీ పో పద్యంలో చాప్‌స్టిక్స్ పాదం

నల్లమల నీడ:
ఒక పాదం కొన్నాళ్లుగా పట్టి పీడిస్తోంది. తాంగ్ కాలపు చీనా కవి లీ పో 'దారి కష్టం' పద్యానికి ఎవరో చేసిన తెలుగు, అట్ట ఊడిపోయిన పాత పత్రికలో చదివాను. మొదట బంగారు కలశంలో మద్యం, జేడ్ పళ్లెంలో పదివేల కాసుల వంటకాలు. ఆ వెంటనే:

'గిన్నె ఆపి, పుల్లలు దించి, తినలేకపోయాను.'

పుల్లలంటే చాప్‌స్టిక్స్. నాకు గుర్తున్నది 'దించి'. అదే పత్రిక చదివిన మా ఆవిడ 'విసిరి' అని ఒట్టేసి చెబుతోంది. పత్రిక చెదల పాలైంది. ఆ అనువాదం ఎవరిదో ఎవరికైనా తెలుసా? మూలంలో ఏముందో కూడా చెబితే ఇంట్లో శాంతి.

అరసున్నా:
మూలంలో 'థింగ్ పేయ్ థౌ చు, పు నెంగ్ ష్'. థౌ అంటే విసరడం, చు అంటే పుల్లలు. మీ ఆవిడ గెలిచారు. చర్చ సమాప్తం.

బకింగ్‌హాం కాలువ:
సమాప్తానికి అంత తొందరేమిటండీ. దారిలో చీకటి పడితే సత్రంలో దిగడానికీ థౌ అనే అంటారు, శత్రువుకి లొంగిపోవడానికీ థౌ అనే. సత్రాన్ని ఎవరూ విసరరు కదా! 'పడేయడం', 'వదిలేయడం' అంత వరకే తీసుకోవాలి. తెలుగులో 'విసిరి' అనగానే గోడకి తగిలిన చప్పుడు వినిపిస్తుంది. మూలంలో ఆ చప్పుడు లేదు.

అరసున్నా:
తర్వాతి పాదం చదవండి కాలువ గారూ. కత్తి దూసి, నాలుగు దిక్కులూ చూసి, మనసంతా శూన్యం. కత్తి దూయబోయే మనిషి పుల్లల్ని మెల్లిగా పక్కన పేర్చి పెడతాడా? హాన్ కాలంలో పాన్ ఛావ్ కచేరీ కాగితాలకి నకళ్లు రాసి పొట్టపోసుకునేవాడు. ఓ రోజు కలం అవతల పారేసి, మగవాడన్నాక సరిహద్దుకి పోయి పేరు తెచ్చుకోవాలి గానీ ఇదేం బతుకన్నాడు. అదీ థౌ అక్షరమే. లీ పో చెవిలో ఆ కథ మోగకుండా ఉంటుందా?

సింగపూర్ చుట్టం:
మీరిద్దరూ 'విసిరి' మీద కొట్టుకుంటున్నారు. అసలు ముప్పు 'దించి'లో ఉంది.

చీనీలో పుల్లలు దించడం, 'ష్యా చు', అంటే తినడం మొదలుపెట్టడం. మనం 'కంచంలో చెయ్యి పెట్టాడు' అంటామే, సరిగ్గా అదే. చిన్ వంశం నాటి హ త్సెంగ్ అనే పెద్ద మంత్రి రోజుకి పదివేల కాసుల తిండి ముందు పెట్టుకుని, పుల్లలు దించడానికి చోటే కనబడటం లేదనేవాడట. తినదగ్గది ఒక్కటీ లేదని దాని అర్థం. అంటే 'పుల్లలు దించి తినలేకపోయాను' అని రాస్తే, చీనీ తెలిసినవాడికి మొదలుపెట్టి మానేశాడన్న మాట. పద్యం చెప్పేది అది కాదు.

ఇంకో సంగతి. లీ పో పళ్లెం వెల కూడా పదివేలే. హ త్సెంగ్‌ని తలుచుకునే ఆ అంకె వేశాడని నాకు గట్టి అనుమానం. హ త్సెంగ్‌కి రుచించక చోటు దొరకలేదు, ఈయనకి మనసు బాగోక చేతులు ఆడలేదు.

పొలిమేర:
ఆ 'దించడం' లీ పో కాలపు కవే అయిన తూ ఫూ దగ్గర చూడాలి. 'అందగత్తెల పాట' గుర్తుందా? 753 నాటి వసంతం, రాజధాని చాంగాన్‌లో ఏటి ఒడ్డున, చక్రవర్తి ప్రియురాలి పుట్టింటివారైన యాంగ్ వారి ఆడవాళ్ల వనభోజనం. ఒంటె మూపురం వడ్డించారు, స్ఫటికం పళ్లెంలో చేప పెట్టారు. వాళ్ల చేతుల్లో ఖడ్గమృగం కొమ్ముతో చేసిన పుల్లలు. అవి ఎంతసేపటికీ దిగవు. కడుపు నిండి మొహం మొత్తింది. అక్కడ వంటవాడు చిరుగంటలు కట్టిన కత్తితో దారాల్లా తరుగుతూనే ఉన్నాడు, అంతా వృథా. తిట్టు ఒక్కటి కూడా లేదు. పుల్లలు గాల్లో ఆగిపోయాయి, చాలు. ఆ తర్వాత రెండేళ్లకే తాంగ్ రాజ్యాన్ని కుదిపేసిన అన్ లూషాన్ తిరుగుబాటు. లీ పో విసిరాడో దించాడో నాకు పెద్ద పట్టింపు లేదు, తూ ఫూ దించనివ్వలేదు చూడండి, అక్కడ ఉంది పనితనం.

అరసున్నా:
మళ్లీ తూ ఫూ! పొలిమేర గారు ఏ దారిలో బయల్దేరినా ఆ ఊరికే చేరతారు.

పొలిమేర:
చేరదగ్గ ఊరు కాబట్టి.

పటాన్‌చెరు పిలగాడు:
అన్నా, ముందుగాల ఒకటి చెప్పుండ్రి. ఈ పుల్లలు అనుడేంది? ఐస్‌క్రీం పుల్ల లెక్క ఇనిపిస్తుంది. పుడకలు అనరాదా? 'పుడకలు విసిరి' అంటే ఎంత మంచిగుంది.

పొలిమేర:
అయ్యో, వద్దు నాయనా. పుడకలంటే చితి గుర్తొస్తుంది. ముక్కుపుడక అయినా ఒకటే ఉంటుంది, జత కాదు.

ఒసాకా నుంచి:
పుడకలు వద్దనడానికి ఇక్కడ ఇంకా పెద్ద కారణం ఉంది. జపాన్‌లో దహనం అయ్యాక బంధువులు ఇద్దరిద్దరుగా చాప్‌స్టిక్స్‌తోనే ఎముకలు ఏరి కలశంలో వేస్తారు. అందుకే భోజనాల దగ్గర ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకి ముక్క అందిస్తే చుట్టూ ఉన్నవాళ్లు గతుక్కుమంటారు. అన్నంలో నిలువుగా గుచ్చడమూ అంతే, అది పోయినవారి తల దగ్గర పెట్టే అన్నం. కొత్తగా వచ్చిన మనవాళ్లు ప్రేమకొద్దీ 'ఇది రుచి చూడండి' అని పుల్లలతోనే అందిస్తుంటారు. పళ్లెంలో పెట్టండి, వాళ్లే తీసుకుంటారు.

అన్నట్టు తూ ఫూ ఆడవాళ్లు చేసినదానికి ఇక్కడ పేరే ఉంది. ఏది తీసుకోవాలో తేలక వంటకాల మీద పుల్లలు తిప్పుతూ ఉండటాన్ని 'మయొయ్-బషి' అంటారు, తప్పుల జాబితాలో అదొకటి.

కొత్తగా చేరిన సభ్యుడు:
క్షమించాలి, చిన్న సందేహం. అందరూ 'చు' అంటున్నారు. నిఘంటువులో రోమన్ లిపిలో జడ్, హెచ్, యు అని ఉంది. 'ఝు' కదా?

సింగపూర్ చుట్టం:
కాదండీ. అది ఒత్తు లేని, నాదం లేని ధ్వని, నాలుక కాస్త వెనక్కి మడిచి 'చు' అంటే దగ్గరగా వస్తుంది. థౌలో ఒత్తు ఉంది, పేయ్‌లో లేదు. చ-ఛ, త-థ, ప-ఫ విడివిడిగా రాసుకునే లిపి చేతిలో ఉంచుకుని ఇంగ్లీషు అక్షరాలు చూసి 'ఝు' రాస్తారు మనవాళ్లు, నాకు ఒళ్లు మండుతుంది.

ఆ 'చు' వల్లే మాటకి నూరేళ్లు నిండాయి. 15వ శతాబ్దంలో లు రొంగ్ రాసిపెట్టాడు: సూచౌ వైపు పడవవాళ్లకి 'చు' నోట రాకూడదు, ఎందుకంటే 'ఆగిపోవడం' కూడా చు. పడవ ఆగితే పొట్ట ఆగినట్టే. అందుకని తిరగేసి 'క్వాయ్' అన్నారు, 'త్వరగా' అని. తర్వాత ఆ అక్షరం నెత్తిన వెదురు గుర్తు పెట్టారు, ఇప్పుడు చీనాలో మామూలు మాట అదే. మా పక్కింట్లో హొక్కియెన్ అనే దక్షిణ చీనా భాష మాట్లాడే ముసలావిడ మాత్రం ఇంకా 'తూ' అంటుంది. అది పాత చు వారసురాలే.

బకింగ్‌హాం కాలువ:
మన ఇళ్లలో బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అనడం, దీపం ఆరితే 'కొండెక్కింది' అనడం ఇదే బాపతు. ఇప్పుడు నా సిద్ధాంతం వినండి. పాదంలో మొదటి మాట 'థింగ్', ఆపడం. నాలుగోది 'చు', పుల్లలు, చెవికి మళ్లీ ఆగడం. ఆగు, ఆగు, తినలేను. లీ పో శ్లేష వేశాడు! అనువాదకుడికి అది అందింది కాబట్టే నెమ్మదైన 'దించి' వేశాడు.

సింగపూర్ చుట్టం:
అందంగా ఉంది గానీ కుదరదు. తాంగ్ కాలానికి ఆ రెండు చు-లూ ఒకటి కావు. 601లో కూర్చిన ఛియెయున్ ప్రాసల సంప్రదాయంలో పుల్లల చు ఒక వర్గం, ఆగే చు వేరే వర్గం. లీ పో చెవికి రెండూ వేర్వేరు అచ్చులు. అవి కలిసిపోయాకే పడవవాళ్లకి భయం పట్టుకుంది.

బకింగ్‌హాం కాలువ:
ప్రాసల పుస్తకం ఒకటి, తాగినవాడి నోరు ఒకటి. నా సిద్ధాంతం నాకుండనివ్వండి.

అరసున్నా:
శ్లేష పోయింది కాబట్టి అసలు సాక్ష్యానికి వద్దాం. ఈ పాదం లీ పో సొంతం కాదు. 5వ శతాబ్దంలోనే పావ్ చావ్ అనే కవి 'దారి కష్టం' వరసలో రాశాడు: బల్ల ముందు తినలేక, కత్తి దూసి స్తంభాన్ని కొట్టి, పెద్దగా నిట్టూర్చాడు. అక్కడ గిన్నె లేదు, పుల్లలు లేవు. లీ పో స్తంభాన్ని తీసేసి పుల్లలు తెచ్చాడు. స్తంభం మీద పడాల్సిన దెబ్బ పుల్లల మీదికి మళ్లింది. అంటే విసిరాడు.

బకింగ్‌హాం కాలువ:
అదే సాక్ష్యం నా వైపు. దెబ్బ తీసేశాడంటే కోపం తగ్గించాడన్న మాట. దూసిన కత్తి కూడా దేనికీ తగలదు, దిక్కులు చూస్తాడంతే.

నల్లమల నీడ:
అందరికీ ధన్యవాదాలు. అనువాదకుడి పేరు మాత్రం...

పొలిమేర:
వస్తుంది, ఉండండి. ఇంతకీ ఆయన పుల్లలొక్కటే ఎందుకు పడేశాడు, చెంచా ఏమైంది అని ఎవరూ అడగలేదు. హాన్ వంశం చివరి రోజుల్లో సేనాని ఛావ్ ఛావ్ 'ఈ లోకంలో వీరులం నువ్వూ నేనే' అనగానే అతని ప్రత్యర్థి ల్యూ పేయ్ చేతిలోంచి జారినవి చెంచా, పుల్లలు రెండూ అని చరిత్రలో స్పష్టంగా ఉంది. పాత రోజుల్లో అన్నం, వరిగల లాంటి గింజలు చెంచాతో తినేవారు. వరిగన్నానికి పుల్లలు వాడవద్దని 'లీ చీ' ఆచారాల గ్రంథం నిషేధించింది కూడా. కొరియాలో ఇప్పటికీ అన్నానికి చెంచా, కూరలకి లోహపు పుల్లలు, జతని కలిపి 'సుజొ' అంటారు. లీ పో చేతిలో చెంచా లేదంటే అన్నం ఇంకా వడ్డించలేదు, మద్యంతో నంజుళ్ల దగ్గరే ఆగిపోయాడు.

సింగపూర్ చుట్టం:
చాంగ్ ల్యాంగ్‌ని మరిచారు. హాన్ వంశాన్ని నిలబెట్టిన ల్యూ పాంగ్‌కి మంత్రాంగం చెప్పేవాడు. రాజు భోంచేస్తుంటే లోపలికొచ్చి, 'మీ పుల్లలు ఒకసారి ఇలా ఇవ్వండి' అని వాటితోనే లెక్క చూపిస్తూ ఎనిమిది అభ్యంతరాలు చెప్పాడు. ఆ పూట రాజు ముద్ద ఉమ్మేసి మరీ సలహాదారుని తిట్టాడు. పక్కవాడి తరఫున ఉపాయం ఆలోచించి చెప్పడాన్ని 'పుల్లలు అరువడగడం' అంటారు ఇప్పటికీ. దంతపు పుల్లలు చేయించిన చౌ, షాంగ్ వంశపు చివరి రాజు, కథ వేరే. ఇవాళ దంతం అంటే రేపు మట్టి ముంత ఆనదు, ఎల్లుండి ఆకుకూర పులుసు ఆనదు, చిరుతపులి కడుపులో పిల్ల కావాలంటాడని ఆ రాజు బంధువు చీత్సు హడలిపోయాడని తత్వవేత్త హాన్ ఫెయ్ చెబుతాడు.

పటాన్‌చెరు పిలగాడు:
పుల్లల మీద పద్యమే లేదా అన్నా? అందరు పుల్లలు పట్టుకున్నోళ్ల గురించే చెప్తున్నరు.

పొలిమేర:
ఉంది. మింగ్ కాలంలో ఛెంగ్ ల్యాంగ్‌క్వెయ్ వెదురు పుల్లలనే పలకరించాడు, నాలుగు చిన్న పాదాలు. తీపీ చేదూ ముందు మీకే తగులుతాయి, రుచేమో వేరేవాళ్లది, వచ్చీపోయే శ్రమ మీది అని. మనకి తెలియనిదా ఇది? 'ఆత్మానం నైవ జానంతి దర్వీ పాకరసం యథా.' నాలుగు వేదాలు చదివీ తన్ను తాను ఎరగనివాడు వంట రుచి ఎరగని గరిటె అని చాణక్యుడు.

అరసున్నా:
చాణక్యుడికంటే ముందు భారతం ఉంది. సౌప్తికంలో కృపుడు అశ్వత్థామతో 'దర్వీ సూపరసానివ' అంటాడు. పాక కాదు, సూప.

ఒసాకా నుంచి:
ధమ్మపదం బాలవర్గంలోనూ 'దబ్బీ సూపరసం యథా'. పాళీ కూడా సూప పక్షమే.

పొలిమేర:
'పాక'లో ఏం లోటండీ? అన్ని వంటలూ వస్తాయి. సూపమంటే పప్పొక్కటే.

అరసున్నా:
పప్పొక్కటే చాలు. గరిటె పప్పులో తిరిగినంతసేపు ఇంకెందులో తిరుగుతుంది? ఇంకో తేడా చూడండి. గరిటెకి రుచి తెలియదు, అది మొద్దు. మింగ్ కవి పుల్లలకి తెలుసు, అయినా దక్కదు. పోలిక ఒకటి కాదు.

పటాన్‌చెరు పిలగాడు:
పప్పుల పుల్లలు పెడితే ఏమొస్తది అన్నా, జారుడే గద.

సింగపూర్ చుట్టం:
దానికి 'లీ చీ'లో విధి ఉంది తమ్ముడూ. ఆకుకూర ఉన్న పులుసుకి పుల్లలు వాడాలి, ఆకు లేనిదానికి వాడకూడదు. ఆ లెక్కన తోటకూర పప్పుకి సరే, ముద్దపప్పుకి వద్దు.

బకింగ్‌హాం కాలువ:
అక్కడున్న మాట 'చు' కానే కాదు గురువు గారూ, 'చ్యా'. పక్కన వెదురు గుర్తు కాదు, చెక్క గుర్తు. రెండూ ఒకటే వస్తువని మీకెవరు చెప్పారు?