బావా ఎప్పుడు వచ్చితీవు: స్టేజీ కృష్ణుడా, సినిమా కృష్ణుడా?

రెండో_కృష్ణుడు:
మొన్న శ్రీరామనవమికి మా ఊళ్లో రాయబారం వేశారు, తెనాలి దగ్గర లెండి, చాన్నాళ్లకి వేశారు. పడక సీను, అదే పడుకున్న కృష్ణుడి దగ్గరకి దుర్యోధనుడు సాయం అడగడానికి వచ్చేది, అవుతుండగా పక్కన కూర్చున్న మా బావమరిది "ఏంటి బావా ఇంత సాగదీస్తున్నాడు, ఘంటసాల నిమిషంలో తేల్చేశాడు కదా" అన్నాడు. అంతే, ఇంటికెళ్లే దాకా గొడవ, ఇంటికెళ్లాక కూడా గొడవ, మా ఆవిడ ఇద్దర్నీ అరుగు మీద పడుకోమంది. మీరే తేల్చండి.

నా వాదన చెప్తా. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, ఈ రాయబారం అందులోదే, స్టేజీ మీద చూస్తేనే ఆ పద్యాలు విన్నట్టు, 1967 శ్రీకృష్ణావతారంలో ఎన్టీఆర్ కృష్ణుడి మీద ఘంటసాల గొంతులో విన్నవి బాగుంటాయి, కాదనను, కానీ అవి పద్యం ఫొటోలు. "బావా ఎప్పుడు వచ్చితీవు" శార్దూలం. పాదానికి 19 అక్షరాలు, మొత్తం 76. గబగబా చదివితే అర నిమిషం పట్టదు. మా ఊరి కృష్ణుడు ఆ "బావా" అనే రెండక్షరాల మీదే ఎంతసేపు తిరిగాడో చెప్పలేను, హార్మోనియం ఆయన వెనకాల వెతుక్కుంటూ వస్తున్నాడు, ఎదురుగా దుర్యోధనుడు మీసం మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు పాపం, జనం నవ్వడం మొదలెట్టారు. ఆ నవ్వు కూడా పద్యంలో భాగమే! అంతటి రారాజుని పలకరింపు కోసం నిలబెట్టేశాడు కదా. వన్స్‌మోర్ పడింది. రెండోసారి వేరే రాగంలో ఎత్తుకున్నాడు. సినిమా మీరు వందసార్లు చూడండి, వందసార్లూ అదే పద్యం.

సినిమా_పిచ్చోడు:
అన్నా, మీ బావమరిదికి నా ఓటు 🙂

పద్యం అంటే రాగమేనా, మాట లేదా? ఆ పద్యంలో ఏముందో చూడండి. ముందు తమ్ముళ్లు, కొడుకులు, చుట్టాలు బాగున్నారా అంటాడు. తర్వాత ఎవర్ని అడిగాడు? కర్ణుణ్ణి. భీష్ముడు, ద్రోణుడు ఆ తర్వాతే. ఇంట్లో పెద్దవాళ్లని వెనక్కి నెట్టి నీ పక్కన చేరినవాడి క్షేమం ముందు అడుగుతున్నాను అని గుచ్చుతున్నాడు, ఎంత తియ్యగా గుచ్చుతున్నాడు! నేను చిన్నప్పటి నుంచి మా కోనసీమలో తీర్థాల్లో, అంటే జాతరల్లో, ఈ పద్యం వింటున్నా, ఆ వరస సంగతి సినిమా చూసేదాకా నా బుర్రకి ఎక్కలేదు. ఎందుకంటే స్టేజీ మీద "కర్ణుడును" వచ్చేసరికి కృష్ణుడు పైస్థాయిలో ఉంటాడు, జనం ఈలల్లో ఉంటారు, ఇంకో పక్క మైకులో ఎవరో వంద రూపాయలు చదివించారని అనౌన్స్‌మెంట్. ఘంటసాల మాట మాటా విరిచి ఇస్తాడు, పైన ఎన్టీఆర్ ఆ కొంటె చూపు. పద్యం అర్థమైతేనే కదా రసం? మీరు చెప్పేది కచేరీ.

పాత_రికార్డు:
ఇద్దరూ కాస్త ఆగండి బాబూ. అసలు పోలికే తప్పు. శ్రీకృష్ణావతారం నాటకాన్ని తెరకెక్కించిన సినిమా కాదు, కృష్ణుడు పుట్టిన దగ్గర్నుంచి నిర్యాణం దాకా మొత్తం కథ, అందులో రాయబారం ఒక ముక్క, ఆ ముక్కకి కవుల పద్యాలు తెచ్చుకున్నారు. పోల్చాలంటే 1960లో వచ్చిన శ్రీకృష్ణ రాయబారంతో పోల్చాలి. అందులో కృష్ణుడు ఎవరనుకున్నారు? కల్యాణం రఘురామయ్య. నోట్లో వేలు పెట్టి ఈలతో రాగం తీసే ఈలపాట రఘురామయ్యే. స్టేజీ కృష్ణుడే సినిమా కృష్ణుడు, గొంతూ ఆయనదే.

మరి అందులో మీరు చెప్పే స్టేజీ మజా ఉందా అంటే సగమే ఉంది. గొంతు ఉంది, ఎదురుగా జనం లేరు. వన్స్‌మోర్ అనేవాడు లేకపోతే ఆ కళాకారుడు ఎవరికోసం పాడే తీరు మారుస్తాడు, కెమెరా కోసమా?

ఇంకో సంగతి. పద్యాన్ని కత్తిరించిన పాపం సినిమా వాళ్లకి కట్టకండి. అంతకుముందే గ్రామఫోను కత్తిరించింది. 78 ఆర్‌పీఎం ప్లేటుకి ఒక పక్క మూడు నిమిషాల పైన పట్టేది కాదు, స్టేజీ మీద పావుగంట పాడేవాడైనా ప్లేటు దగ్గరకొచ్చి సర్దుకోవాల్సిందే. మా నాన్నగారి పెట్టెలో ఆ ప్లేట్లు ఉండేవి, పద్యం చివర్లో గాయకుడు బండి అందుకోవాలన్నట్టు పరిగెత్తడం వినపడేది. ఘంటసాల చేసిందేంటంటే ఆ తొందర లేకుండా చేశాడు. తక్కువ టైంలో తీరిగ్గా పాడటం ఎట్లాగో చూపించాడు. ఆయనా నాటకాలు వేసి వచ్చినవాడే కదా.

ఇందూరు_పోరడు:
మంచిగ నడుస్తుంది ముచ్చట, నాదొక మాట. మీకు తీర్థాలు, నవమి పందిళ్లు ఉన్నయ్, రాత్రంత రాయబారం చూసిన్రు. మా దిక్కు చిన్నప్పుడు నేను చూసింది చిందు యక్షగానం, దాని ఒడుపే వేరు, ఈ పద్యాలు అండ్ల ఉండవు. "జెండాపై కపిరాజు" నాకు ఎట్ల ఎరుకైంది? మా బాపు క్యాసెట్ల. సినిమాదే. మా బాపు పొలం కాడ మోటర్ బంద్ చేసుకుంట పాడుతుండె, యతి ప్రాస ఏం తెల్వదు ఆయనకు. సినిమా లేకపోతే ఆ పద్యం నాలుగు జిల్లాల్ల ఉంటుండె అంతే. ఫొటో అంటున్నరు గద అన్నా, ఫొటో కాబట్టే మా ఇంటిదాక వచ్చింది.

హైదరాబాద్‌ల సురభి నాటకమోళ్ల మాయాబజార్ చూసిన ఒకసారి, మస్తనిపించింది. అండ్ల మాత్రం స్టేజీదే పైచేయి, కండ్ల ముంగట మాయలు చేస్తుంటే సినిమా ఏం పనికొస్తది. కని అది ట్రిక్కు ముచ్చట, పద్యం ముచ్చట కాదు.

సత్యభామ_ఫ్యాన్:
ఇంతసేపటి నుంచి చదువుతున్నా, ఒక్కళ్లూ ఆడవాళ్ల సంగతి ఎత్తలేదు. మా అమ్మమ్మది బాపట్ల పక్క ఊరు. నాటకం రాత్రి పదింటికి మొదలైతే ఆడపిల్లల్ని పడక సీను అవ్వగానే ఇంటికి తోలేసేవాళ్లట, సభలో "చెల్లియో చెల్లకో" వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది కదా. అంటే ఆవిడ ఎన్నేళ్లు నాటకాలు చూసినా రాయబారం సీను మాత్రం చూడలేదు! సినిమాకి మ్యాట్నీకెళ్లి చూసింది. ఆవిడ్ని అడగండి ఏది గొప్పదో.

తులాభారం నాటకం సంగతి కూడా చూడండి. "మీరజాలగలడా" స్టేజీ మీద సత్యభామగా వేసిన స్థానం నరసింహారావు గారు తనే రాసుకుని పాడుకున్న పాట. మగాయన, చీర కట్టి, ఆ నడక, ఆ కళ్లు... దానికోసమే జనం బళ్లు కట్టుకుని వెళ్లేవాళ్లని పెద్దవాళ్లు చెప్తారు. 1966 శ్రీకృష్ణ తులాభారంలో అదే పాట జమునకి సుశీల పాడింది. నాకు సినిమాదే ఇష్టం, జమున జడ విసిరిందంటే ఇంక మాటల్లేవు. కానీ స్థానం వారిది నేను చూడలేదు కాబట్టి సినిమా గెలిచిందని అనడానికి నోరు రావట్లేదు. మీరు కూడా చూడనివాటి మీద తీర్పులు చెప్పకండి, స్టేజీ కృష్ణులు షణ్ముఖి ఆంజనేయరాజు గారినీ పీసపాటి గారినీ ఎదురుగా కూర్చుని విన్నవాళ్లు ఇక్కడ ఎంతమంది?

పాత_రికార్డు:
పీసపాటి నరసింహమూర్తి గారిని నేను విన్నానమ్మా. ఒక్కసారే. ఆయన సాగదీసే రకం కాదు, మాటకే పట్టం కట్టేవాడు. స్టేజీ అంటే రాగమూ సినిమా అంటే భావమూ అని పంచుకుంటున్నారే ఈ కుర్రాళ్లు, అది అంత తిన్నగా కుదరదు. స్టేజీ మీద కూడా రెండు దారులూ ఉన్నాయి.

రెండో_కృష్ణుడు:
పెద్దాయన మాటతో నా కాళ్ల కింద నేల కాస్త కదిలింది, ఒప్పుకుంటున్నా. అమ్మమ్మ గారి సంగతికి అయితే నా దగ్గర జవాబే లేదు, మా ఊళ్లో కూడా అంతే జరిగేది, మేం మగపిల్లలం గోనెపట్టాలు పరుచుకుని తెల్లారేదాకా పడుండేవాళ్లం, అక్కలు ఎప్పుడు వెళ్లిపోయారో కూడా చూసుకునేవాళ్లం కాదు.

కానీ కర్ణుడి పాయింటు మీద వదలను. సినిమా తమ్ముడూ, అర్థం తెలియకపోవడం పాడేవాడి తప్పా, ఈలలేసిన మన తప్పా? మా తాతకి అక్షరం ముక్క రాదు, మొత్తం పద్యాలు కంఠతా వచ్చు, కర్ణుడి దగ్గర "అదీ దెబ్బ" అనేవాడు, ప్రతిసారీ. ఆయన సినిమా చూసి నేర్చుకోలేదు. పదేపదే విని నేర్చుకున్నాడు.

అసలు నా బాధ ఇంకోటి. ఇప్పుడు స్టేజీ మీద కుర్ర కృష్ణులు ఎవర్ని చూసి నేర్చుకుంటున్నారు? యూట్యూబ్‌లో ఘంటసాలని. అదే విరుపు, అదే చోట ఊపిరి. "అలుగుటయే యెరుంగని" మొదలెట్టగానే జనం సినిమాలో లాగే పాడాలని కూర్చుంటున్నారు, తేడా వస్తే తప్పు పాడాడంటున్నారు. మా బావమరిది అన్నది అదే కదా! నాటక పరిషత్తు పోటీల్లో చూస్తే టైం లిమిట్, ఆలాపన మొదలెడితే గంట కొడతారేమోనని భయం. సినిమా మీద నాకు కోపం లేదు, సినిమాని కొలబద్ద చేసి స్టేజీని కొలవడం మీదే.

సినిమా_పిచ్చోడు:
ఇది మొదటి పోస్టులో చెప్పుంటే నేను ఇంత టైప్ చేసేవాణ్ణి కాదు కదన్నా. కొలబద్ద మాట నిజమే, ఒప్పుకుంటా. కానీ యూట్యూబ్ చూసైనా కుర్రాళ్లు కిరీటం పెట్టుకుంటున్నారు, అది లేకపోతే మీ ఊళ్లో నవమికి రికార్డింగ్ డ్యాన్సే.

ఇందూరు_పోరడు:
గది మాత్రం పక్కా 😂

సినిమా_పిచ్చోడు:
సరే, మళ్లీ ఎప్పుడు వేస్తున్నారో చెప్పండి, అమలాపురం నుంచి బైకేసుకొచ్చేస్తా. ఒక్కటే షరతు, కర్ణుడి పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి దుర్యోధనుడి వంక చూసే కృష్ణుడు కావాలి.

రెండో_కృష్ణుడు:
అలాంటాయన ఉన్నాడు తమ్ముడూ, మాట భలే పలుకుతాడు. కానీ ఆయన మా బ్యాచ్‌లో రెండో కృష్ణుడు, సభ సీనులో వస్తాడు. పడక సీను మొదటి కృష్ణుడిది, అంటే ఆ సాగదీసేవాడిది. ఇద్దర్నీ మార్చమని నాటకం కాంట్రాక్టర్‌ని అడిగా, మొదటాయన ఫొటోతో పోస్టర్లు అప్పుడే కొట్టించేశారట.

సత్యభామ_ఫ్యాన్:
అయితే నేనూ వస్తా, మా అమ్మమ్మని తీసుకుని. ఈసారి సభ సీను అయ్యేదాకా కదిలేది లేదంట, కుర్చీ వేయించండి, ఆవిడ గోనెపట్టా మీద కూర్చోలేదు.