‘ఎర్త్ వస్తలేదు’ అంటే ఏమిటి? ట్రాలీ లైట్ల తెలుగులో ఒక మాట, దాని వెంట నడిచే క్రియలు

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక సభ్యుడు):

నమస్కారం. ట్రాక్టరు ట్రాలీ వెనుక లైట్లు వెలగనప్పుడు రైతులే వైరింగును సరిచూసుకోవడానికి వీలుగా ఒక చిన్న కరపత్రం రాస్తున్నాను. ఎర్త్ అనవలసిన చోటల్లా ‘భూసంపర్కం’ అని రాశాను. అది చదివిన మెకానిక్ ఒకాయన, “ఇది బావికాడి కరెంటు మోటరుదా సార్?” అని అడిగి, “ట్రాలీకి ఎర్త్ వస్తలేదు అని రాయుండ్రి, అందరికీ తెలుస్తది” అన్నాడు. కాని మా ఇంట్లో ఫ్రిజ్జుకు ‘ఎర్త్ వస్తున్నది’ అంటే ముట్టవద్దని అర్థం. మరి ఎర్త్ రావడం మంచిదా, చెడ్డదా? ఏ మాట వాడమంటారు?

సమాధానం:

మీ మెకానిక్ సందేహపడటంలో న్యాయముంది. భూసంపర్కం మంచి మాటే కాని, ఈ పనికి చెల్లదు. ఇంటి వైరింగులోనూ, బోరు మోటరు స్టార్టరు డబ్బా దగ్గరా ఎర్త్ అంటే నిజంగానే భూమి. గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, ఇనుప పైపు దించి, ఎండాకాలంలో ఆ చోటు ఎండిపోకుండా నీళ్లు కూడా పోస్తాము. ట్రాలీ సంగతి అది కాదు. అది రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది, దాని లైట్లు వెలగడానికి నేలతో ఏ పనీ లేదు. ట్రాక్టరు బ్యాటరీ ప్లస్ కొస నుంచి బయలుదేరిన కరెంటు ఫ్యూజూ, స్విచ్చూ, సాకెట్టూ దాటి బుగ్గ (బల్బు) లోకి వచ్చి, అక్కడి నుంచి మళ్లీ బ్యాటరీ మైనస్ కొసకు చేరుకోవాలి. వాహనంలో ఈ తిరుగుదారి కోసం ప్రతి బుగ్గకూ వేరే వైరు లాగరు, ఇనుప చాసీనే, అంటే బండి అడుగు చట్రాన్నే దారిగా వాడుకుంటారు. ఆ చాసీనీ, దానికి బిగించిన వైరునూ కలిపి మన మెకానిక్కులు ఎర్త్ అంటున్నారు.

భూమితో పని లేనప్పుడు ఆ పేరు ఎలా అంటుకున్నదో తెలుసుకుంటే అనువాదం సులువవుతుంది. తంతి కొత్తగా వచ్చిన రోజుల్లో రెండు ఊళ్ల మధ్య రెండు తీగలు లాగేవారు, ఒకటి పోవడానికి, ఒకటి తిరిగి రావడానికి. రెండో తీగ అక్కరలేదనీ, రెండు కొసల్లోనూ లోహపు పలకలు నేలలో పాతితే భూమే ఆ తీగ పని చేస్తుందనీ 1838లో జర్మన్ శాస్త్రవేత్త స్టైన్‌హైల్ చూపించాడు. అప్పుడు ఎర్త్ అంటే అక్షరాలా నేలే, అది చేసే పని మాత్రం కరెంటును తిరిగి చేర్చడం. తరువాత వాహనాల్లో ఆ పనిని ఇనుప చాసీ అందుకున్నా పేరు మారలేదు. బ్రిటిష్ ఇంగ్లీషు నుంచి మనకు ఎర్త్ అనే వచ్చింది. అందుచేత ట్రాలీ విషయంలో ఎర్త్‌ను భూమి అని అనువదిస్తే, ఇప్పుడు జరుగుతున్న పనిని వదిలి పాత పేరును పట్టుకున్నట్టు అవుతుంది.

ఇక మీ రెండో సందేహం. దీని మీదనే ఎక్కువ రాయాలని ఉన్నది, ఎందుకంటే తేడా అంతా నామవాచకంలో కాదు, దాని పక్కన వచ్చే క్రియలో ఉన్నది. వరంగల్లులో గానీ, నర్సంపేట, పరకాల వైపు గానీ పని జరిగే చోట నిలబడి వింటే ఈ మాట కనీసం మూడు తీరులుగా వినబడుతుంది. ‘ఫ్రిజ్జుకు ఎర్త్ వస్తున్నది’ అంటే లోపల ఎక్కడో తోలు ఊడిన వైరు రేకుకు తగిలి, ముట్టుకున్న వారికి షాకు కొడుతున్నదని అర్థం. అక్కడ ఎర్త్ రావడమే జబ్బు, అసలు భూమికి పోవలసిన దారి సరిగా లేదు కనుకనే అది చేతికి తగులుతున్నది. ‘ట్రాలీకి ఎర్త్ వస్తలేదు’ లేదా ‘ఎర్త్ దొరుకుతలేదు’ అంటే కరెంటుకు తిరుగుదారి అందడం లేదని. ఇక్కడ ఎర్త్ రాకపోవడం జబ్బు, వస్తే లైటు వెలుగుతుంది. మూడోది ‘వైరు ఎర్త్ అయింది’. ప్లస్ వైరు తోలు ఒరుసుకుపోయి, బుగ్గ దాకా పోకముందే చాసీకి తగిలిందనీ, ఇక ఫ్యూజు నిలవదనీ దాని అర్థం. వచ్చింది, రాలేదు, అయింది అనే ఈ మూడూ మూడు వేరువేరు లోపాలు. మెకానిక్కుల నోట ఇవి ఎన్నడూ కలగలిసిపోవు. పుస్తకాల తెలుగు మూడింటికీ ‘భూసంపర్క లోపం’ అని ఒకే పేరు పెట్టిననాడు ఆ వివేకమంతా పోతుంది, చదివిన రైతు ఏ వైరు పట్టుకోవాలో తేల్చుకోలేడు.

మాట సరిగ్గా ఉంటే లోపం ఎలా దొరుకుతుందో చెబుతాను. ట్రాలీ వెనుక లైటులో బ్రేకుకూ, రాత్రి వెలుతురుకూ కలిపి, లోపల వెలిగే తీగలు రెండున్న బుగ్గ ఉంటుంది, మామూలుగా 12 వోల్టులది, బ్రేకు తీగ 21 వాట్లు, రాత్రి తీగ 5 వాట్లు. రెండు తీగలకూ ఒక కొస ఉమ్మడిగా బుగ్గ ఇత్తడి గుండుకు, దాని ద్వారా ఎర్త్‌కు కలుస్తుంది. ఆ ఎర్త్ తెగిపోయిందనుకోండి. బ్రేకు తొక్కితే 21 వాట్ల తీగలోకి వచ్చిన కరెంటుకు తిరిగి పోయే దారి ఉండదు. అది ఊరుకోదు, పక్కనే ఉన్న 5 వాట్ల తీగలోకి ఎదురెక్కి, రాత్రి లైటు వైరు పట్టుకుని ట్రాక్టరు వైపు వెనక్కి పోయి, ట్రాక్టరు పార్కింగు బుగ్గల గుండా అక్కడి ఎర్త్‌ను చేరుకుంటుంది. దారిలో ఇన్ని తీగలు అడ్డం రావడం వల్ల ఏ బుగ్గా పూర్తిగా వెలగదు. బ్రేకు తొక్కితే ట్రాలీ లైటు మినుకుమంటుంది, దానితో పాటు ఎవరూ వేయని పార్కింగు లైట్లు సన్నగా వెలుగుతాయి. ఇండికేటరు వేస్తే రాత్రి లైట్లు కూడా దానితో కొట్టుకుంటాయి. ఒక స్విచ్చు వేస్తే సంబంధం లేని మరో లైటు కదలడం ఎర్త్ రాకపోవడానికి నమ్మదగిన గుర్తు. బుగ్గ పోతే ఆ ఒక్క లైటే ఆరుతుంది, వైరు ఎర్త్ అయితే ఫ్యూజు కొట్టేసి ఆ దారి మీద ఉన్న లైట్లన్నీ ఒక్కసారిగా ఆరుతాయి. ఈ రెండింటికీ పై లక్షణం ఉండదు.

పరీక్ష కూడా సులువే. పొడుగాటి వైరు ఒకటి తీసుకుని ఒక కొస ట్రాక్టరు బ్యాటరీ మైనస్‌కు పెట్టి, రెండో కొసను ట్రాలీ చాసీ మీద రంగు గీకిన చోట ఆనించి, మరొకరిని బ్రేకు తొక్కమనాలి. లైటు ఒక్కసారిగా నిండుగా వెలిగితే తప్పంతా ఎర్త్‌దే. చాసీకి ఆనిస్తే వెలగక, లైటు గిన్నెకు (బుగ్గను పట్టి ఉంచే లోహపు డబ్బాకు) ఆనిస్తేనే వెలిగితే గిన్నెకూ చాసీకీ మధ్య తుప్పు పట్టిందని తెలుసుకోవాలి. మల్టీమీటరు ఉన్నవారు బ్రేకు తొక్కి ఉంచి, బ్యాటరీ మైనస్‌కూ గిన్నెకూ మధ్య వోల్టేజీ చూడవచ్చు. అర వోల్టు లోపుంటే ఎర్త్ బాగున్నట్టు, అనేక వోల్టులు చూపితే లేనట్టు.

కరపత్రంలో తప్పకుండా రాయవలసిన సంగతి మరొకటి ఉన్నది. చాలా ట్రాలీలకు ఎర్త్ కోసం వేరే వైరు ఉండదు, ట్రాక్టరుకు ట్రాలీని తగిలించే పిన్ను ద్వారానే కరెంటు తిరిగి పోతుంటుంది. ఆ పిన్నుకు గ్రీజు ఉంటుంది, తుప్పు ఉంటుంది, గుంతలో పడ్డప్పుడల్లా అది కదులుతుంది, అందుకే లైట్లు ఒక క్షణం వెలిగి మరుక్షణం ఆరుతుంటాయి. ఏడు పిన్నుల సాకెట్టులో ఎర్త్ కోసం ఒక పిన్ను ప్రత్యేకంగా ఉంటుంది. ఐఎస్‌ఓ 1724 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అది 3వ నంబరుది, దాని వైరు తెలుపు. మన దగ్గర ఏ రంగు వైరు చేతికందితే దానితో అతుకు వేసిన ట్రాలీలు చాలా ఉన్నందున రంగును కాక నంబరును నమ్మమని రాయండి. రెండు బ్రేకు బుగ్గలూ, రెండు రాత్రి బుగ్గలూ, ఒక ఇండికేటరూ కలిసి వెలిగినప్పుడు సుమారు 6 ఆంపియర్లు అవుతుంది. వచ్చేటప్పుడు అది మూడు నాలుగు వైర్లలో పంచుకుని వచ్చినా, పోయేటప్పుడు అంతా ఒక్క ఎర్త్ వైరులోనే పోవాలి కనుక ఆ వైరు మిగతావాటికంటే లావుగా ఉండాలి.

వ్యాఖ్య (ఏలూరు నుంచి ఒక సభ్యురాలు):

మా వైపు ‘బాడీ ఎర్త్’ అంటారండీ. అది వాడితే ఇంటి ఎర్త్‌తో గందరగోళం ఉండదు కదా? పెట్రోలు ట్యాంకర్లకు నేలను తాకేలా గొలుసు వేలాడదీస్తారు, దాన్నీ ఎర్త్ అనే అంటున్నారు. మరి అది ఏ ఎర్త్?

జవాబు:

చాలా మంచి మాట చెప్పారమ్మా. బాడీ ఎర్త్ అనేది వరంగల్లు మెకానిక్కులకూ తెలిసిన మాటే. కరపత్రంలో మొదటిసారి వచ్చినచోట ‘బాడీ ఎర్త్’ అని రాసి, తరువాత ఎర్త్ అని కొనసాగిస్తే సరిపోతుంది. ట్యాంకరు గొలుసు నిజమైన భూసంపర్కం. ఇంధనం ఒరుసుకోవడం వల్ల ట్యాంకుకు పట్టిన స్థిర విద్యుత్తును నేలలోకి దించడానికి అది ఉంటుంది, లైట్లతో దానికి సంబంధం లేదు. ట్రాలీ కరపత్రంలో భూసంపర్కం అని చదివి ఎవరైనా అలాంటి గొలుసే కట్టుకుంటే లైట్లు వెలగవు సరికదా, అసలు లోపం అలాగే ఉండిపోతుంది. ఆ మాట వద్దని నేను గట్టిగా చెప్పడానికి ఇదొక కారణం.

వ్యాఖ్య (జమ్మికుంట నుంచి ఒక సభ్యుడు):

‘వస్తలేదు’ అని అచ్చులో రాయడం బాగుంటుందా? ‘రావడం లేదు’ అనాలి కదా. బుగ్గ అన్నది కూడా బల్బు అని మారిస్తే అన్ని జిల్లాల వారికీ తెలుస్తుంది.

జవాబు:

‘రావడం లేదు’ అని రాసినా నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే క్రియ అదే, మారింది రూపమే. ‘రావడం లేదు’ బదులు ‘లోపించినది’ అని మార్చవద్దన్నదే నా మనవి. బుగ్గ విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. కరపత్రం ఉత్తర తెలంగాణ రైతులకు, ఇక్కడ ఇంటింటా బుగ్గ అనే అంటారు, ‘బుగ్గ పోయింది’ అంటే చిన్న పిల్లలకు కూడా తెలుస్తుంది. పత్తి, మిర్చి రోజుల్లో ఎనుమాముల మార్కెట్టుకు చీకటితోనే బయలుదేరే ట్రాలీల వెనుక లైట్లు వెలగడం ప్రాణాలకు సంబంధించిన విషయం, చదివేవారికి ఏ మాట ముందు తగులుతుందో ఆ మాటే ఉండాలి.

మూల ప్రశ్న అడిగిన వారికి, ఎర్త్ భాగాన్ని నేనైతే ఇలా రాస్తాను, మీకు నచ్చినట్టు దిద్దుకోండి:

“బ్రేకు తొక్కినప్పుడు ట్రాలీ లైటు మినుకుమన్నా, ఇండికేటరుతో పాటు వేరే లైటు కొట్టుకున్నా ట్రాలీకి బాడీ ఎర్త్ రావడం లేదని అర్థం. బ్యాటరీ మైనస్ వైరును విప్పి పెట్టండి. ట్రాలీ చాసీ మీద వేలెడంత చోట రంగూ తుప్పూ పోయి ఇనుము మెరిసేదాకా గీకండి. సాకెట్టు 3వ పిన్ను నుంచి లావు వైరు లాగి, కొసకు లగ్గు (బోల్టు దూరే రంధ్రమున్న లోహపు ముక్క) వేసి, పళ్ల వాషరుతో అక్కడ బోల్టు బిగించి, పైన గ్రీజు పూయండి. ట్రాక్టరు వైపు సాకెట్టులో కూడా 3వ పిన్ను వైరు ట్రాక్టరు చాసీకి గట్టిగా బిగించి ఉన్నదో లేదో చూడండి. తగిలించే పిన్ను ద్వారా వచ్చే ఎర్త్‌ను నమ్ముకోవద్దు. బ్యాటరీ వైరు తిరిగి బిగించి, ఎడమ, కుడి, బ్రేకు, రాత్రి లైట్లను ఒక్కొక్కటిగా వేసి, వేసినది మాత్రమే వెలుగుతున్నదో లేదో వెనుక మనిషిని నిలబెట్టి చూసుకోండి.”