కుంటలో దొరికిన పన్ను ఖడ్గమృగానిదేనా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు దగ్గర పల్లె. మా బాబాయి చేలో జేసీబీతో కుంట తవ్విస్తుంటే, నల్లమట్టి కింద గులకరాళ్ల పొరలో ఒక పెద్ద పన్ను బయటపడింది. రాయిలా బరువుంది. నమిలే వైపు బాగా అరిగి, గట్లు మాత్రం లెక్కల్లో రాసే 'పై' (π) గుర్తులా కలిసి కనిపిస్తున్నాయి. ఊళ్లో అందరూ గేదె పన్నే అంటున్నారు. గేదె పంటి మీద నెలవంకల్లాంటి గీతలుండాలి కదా, దీనికి లేవు. ఖడ్గమృగం పైదవడ దంతాలకు ఈ 'పై' ఆకారం ఉంటుందని చదివాక నాకు నిద్ర పట్టట్లేదు.

మరీ విడ్డూరమేమీ కాదు. పాత కర్నూలు జిల్లా బేతంచర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1880ల్లోనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ జరిపించిన తవ్వకాల్లో ఖడ్గమృగం ఎముకలు దొరికాయి. ఇప్పుడు అడవిలో వాటిని చూడాలంటే అస్సాం వైపు పోవాలి. అసలు ఇవి నడవని నేల ఉందా అనిపిస్తుంది! కెనడా ఉత్తర కొసన డెవాన్ దీవిలో దొరికిన 2.3 కోట్ల ఏళ్ల నాటి ఖడ్గమృగం గురించి 2025లో ప్రకటించారు. దాని దగ్గరి చుట్టాలు యూరప్‌లో ఉండేవట, మధ్యలో గ్రీన్‌లాండ్ మీదుగా నేలదారి ఉండేదట.

మరి మన వైపుకి ఇవి కర్నూలు మెట్ట నుంచి పెన్నా లోయ వెంట దిగాయా? లేక ఈ పన్ను ఒక్కటే వరదలో కొట్టుకొచ్చిందా? గులకరాళ్ల పొర వయసు ఎలా తేలుస్తారు? తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ జియాలజీ వాళ్లకు చూపించాలా, హైదరాబాద్‌లో జీఎస్ఐకి (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) రాయాలా? పన్ను కడగలేదు, మట్టితోనే గుడ్డలో చుట్టి పెట్టాను. బాబాయి వానలొచ్చేలోపు కుంట పూర్తి చేయాలంటున్నాడు, కాస్త త్వరగా చెప్పండి.