టీబీ మందులు మొదలయ్యాక నిద్ర లేదు, గుండె దడ: ఆల్ప్రాజోలామ్ వాడొచ్చా?

ఆశా కార్యకర్త:
ఊపిరితిత్తుల టీబీ పేషెంటు, వయసు 48, బరువు 52 కిలోలు. రోజుకు నాలుగు మాత్రలు, రాత్రి పడుకోబోయే ముందు వేసుకుంటున్నాడు. మూడో వారం. దగ్గు తగ్గింది గానీ అర్ధరాత్రి దాటినా కన్ను మూతపడదు, దడ, ఉన్నట్టుండి భయం. ఆందోళన తగ్గి నిద్ర పట్టడానికి మెడికల్ షాపులో ఆల్ప్రాజోలామ్ తెచ్చుకుంటానంటున్నాడు.

టీబీ సూపర్‌వైజర్:
వద్దమ్మా, ముందు మాత్రల వేళ మార్చి చూడాలి. వాటిలోని ఐసోనియాజిడ్ కొందరికి నిద్ర చెడగొడుతుంది. పొద్దున పరగడుపున, టిఫినుకు గంట ముందు వేయించండి. రాత్రి డోసు పడ్డాక తెల్లారగానే ఇంకో డోసు మాత్రం వద్దు. మెడికల్ ఆఫీసర్‌కి చెప్పి, ముందురోజు వేళ కంటే మూడు నాలుగు గంటలు ముందుగా వేయిస్తూ పొద్దుటికి తేవచ్చు.

అసలు నిద్రే పట్టదా, పట్టి మెలకువ వస్తోందా? అరికాళ్లు మండి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే అది నరాల బాధ. తాగుడు ఈ మధ్యే మానేసి చేతులు వణుకుతూ చెమటలు పడుతుంటే ఇంట్లో ఉంచొద్దు, ఫిట్స్ రావచ్చు.

ఫార్మసిస్టు:
టీబీ మాత్రల్లోని రిఫాంపిసిన్ వల్ల లివర్ ఆల్ప్రాజోలామ్‌ని చాలా త్వరగా విరిచేస్తుంది. ఒకటి పనిచేయలేదని రెండు, మూడు మింగుతారు. కోర్సు అయిపోయి రిఫాంపిసిన్ ఆపాక రెండు వారాల్లో ఆ ప్రభావం పోతుంది, అప్పుడు అదే మోతాదు మత్తు ముంచేస్తుంది. జోల్పిడెమ్ అనే నిద్రమాత్రదీ ఇదే కథ. మొండి టీబీకి (మామూలు మందులకు లొంగని టీబీ) లినెజోలిడ్ వాడేవాళ్లయితే డిప్రెషన్ మాత్రలు కలపడం ప్రమాదం, డాక్టరుకు తెలియకుండా ఏదీ వద్దు.

ఆశా కార్యకర్త:
అరికాళ్ల మంటలు ఉన్నాయట. బీ6 విటమిన్ మాత్రలు ఇవ్వలేదు.

ఫార్మసిస్టు:
రాకుండా ఉండటానికైతే రోజుకు 10 మి.గ్రా. సరిపోతుంది. మంటలు మొదలయ్యాక అది చాలదు, డాక్టరు 100 మి.గ్రా. దాకా రాస్తారు. షుగరు కూడా చూపించండి, ఆ మంటలు దానివల్లా రావచ్చు. టీబీ మాత్రలు ఆపకూడదు.

కౌన్సెలర్:
భయం దేని గురించో విడిగా కూర్చోబెట్టి అడగండి. పిల్లలకు అంటుతుందన్న దిగులే ఎక్కువ మందికి. కంచం, గ్లాసు వేరు చేయక్కర్లేదు, టీబీ గాలి ద్వారా అంటుతుంది. ఇంట్లోవాళ్లందరికీ పరీక్ష చేయించి ఫలితం అతని చేతికే ఇవ్వండి. మానసిక సాయానికి టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. మొండి టీబీకి సైక్లోసెరిన్ వాడేవాళ్లు ఎవరైనా చనిపోవాలనిపిస్తోందన్నా, లేని మాటలు వినిపిస్తున్నాయన్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి.